కాడి లాగేది ఒకరు... పేరు మరొకరికి!
ఫోను ఆటల్లో ‘ఎత్తిపెట్టే’ బేరాలు * ఇంటి పొదుపుకే ఎసరు * అడ్డుకట్టకు దారులున్నాయి

(మా గ్రామీణ విలేకరి)

పొద్దు గూకే వేళ. పల్నాడులో ఓ పల్లె. మిరప కోతలకు వెళ్లిన కూలీలు ఇళ్లకు మళ్లుతున్నారు. ఊరి బస్సు షెల్టరులో నలుగురు కుర్రాళ్లు సిమెంటు బల్ల మీద వరసగా కూర్చున్నారు. నలుగురి తలలూ ఫోన్లలో మునిగి ఉన్నాయి. అందులో ఒకడి దగ్గర మాత్రం రెండు ఫోన్లు. ఒకదాంట్లో ఆడుతున్నది తన ఆట. అద్దం పగిలిన రెండో పాత ఫోనులో ఆడుతున్నది తనది కాదు.

“అదెవరిదిరా అబ్బాయ్?” అని అడిగితే, “పక్కూరి వాడిది అన్నా. ఐడీ ఇచ్చాడు. ర్యాంకు పైకి తెచ్చివ్వాలి. ఐదొందలు ఇస్తానన్నాడు” అని తల ఎత్తకుండానే బదులిచ్చాడు.

దుక్కికి ఎడ్లను అద్దెకివ్వడం మన పల్లెలకు తెలుసు. ట్రాక్టరు అద్దె తెలుసు. ఇప్పుడు వేళ్లు కూడా అద్దెకు దొరుకుతున్నాయన్న మాట!

ఐదొందల బేరమే కదా అని నవ్వి ఊరుకోవచ్చు. కాని ఇలాంటి బేరం ఒక ఇంటిని ఎక్కడికి తీసుకెళ్లిందో తెలిస్తే నవ్వు రాదు.

అమ్మ పిన్ను, అబ్బాయి ఐడీ

ఆ కుటుంబం పరువు దృష్ట్యా ఊరు, పేర్లు ఇక్కడ రాయడం లేదు. తండ్రి లారీ క్లీనరు. నెలలో పది రోజులు కూడా ఇంటి పట్టున ఉండడు. తల్లి కూలికి వెళుతుంది. పొదుపు సంఘంలో సభ్యురాలు. అబ్బాయి ఇంటర్ రెండో ఏడు.

తల్లికి చదువు రాదు. కూలి డబ్బు, సంఘం డబ్బు బ్యాంకు ఖాతాలో ఉంటాయి. ఎవరికైనా ఫోనులో డబ్బు పంపాలంటే “నువ్వే చూడు నాన్నా” అని ఫోను కొడుకు చేతికిచ్చేది. పిన్ను పెట్టింది కొడుకే. గుర్తుంచుకున్నదీ కొడుకే.

ఆ అబ్బాయికి ఒక తుపాకుల ఆట అలవాటు. తోటివాళ్లంతా పై మెట్టుకు చేరారు. వీడు కిందే ఉండిపోయాడు. “నువ్వుంటే మేం ఓడిపోతాం, జట్టులోకి రావద్దు” అన్నారు. చిన్న మాటే. కాని ఆ వయసులో అది పెద్ద దెబ్బ.

అప్పుడే ఫోను గ్రూపులో ఒక ‘అన్న’ పరిచయమయ్యాడు. ముఖం తెలియదు, ఊరు తెలియదు. “నాతో జోడీగా ఆడు. వారంలో పైకి తెస్తా” అన్నాడు. రెండు రోజులు ఉచితంగా ఆడాడు. నిజంగానే మెట్లు పెరిగాయి. నమ్మకం కుదిరింది. మూడో రోజు, “నువ్వు పక్కనుంటే ఆలస్యమవుతోంది. ఐడీ, పాస్‌వర్డు ఇచ్చెయ్. వెయ్యి పంపు. ఐదు రోజుల్లో తిరిగిచ్చేస్తా” అన్నాడు.

ఐడీ వెళ్లింది. వెయ్యి వెళ్లింది. ఐదో రోజున చూస్తే పాస్‌వర్డు మారిపోయింది. ఐడీ కావాలంటే మరో రెండు వేలు పంపమని కబురు వచ్చింది. అబ్బాయి ఏడ్చి బతిమాలాడు. ‘అన్న’ కరిగినట్టే నటించాడు. “సరేలే, నీ వెయ్యి నీకే పంపుతున్నా. ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ను కొట్టు, డబ్బు వచ్చేస్తుంది” అన్నాడు. అబ్బాయి కొట్టాడు. డబ్బు రాలేదు సరికదా ఖాతాలోంచి 6,400 రూపాయలు పోయాయి. అది సంఘం అప్పు వాయిదా కట్టడానికి తల్లి దాచిన సొమ్ము.

మూడు రోజులు ఆ సంగతి కడుపులోనే దాచుకున్నాడు. వాయిదా రోజున బయటపడింది. తల్లి కొట్టలేదు, తిట్టలేదు. “చదువుకున్నోడివని నీ చేతికిస్తినే” అని మాత్రం అంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సయించదని అబ్బాయి ఈ విలేకరితో చెప్పాడు. ఆ నెల వాయిదాను సంఘంలోని తోటి ఆడవాళ్లు సర్ది కట్టారు. పోయిన డబ్బు మాత్రం రాలేదు.

అసలు ఈ మెట్లు ఏమిటి?

ఆటలు తెలియని పెద్దల కోసం ఇక్కడ నాలుగు మాటలు చెప్పుకోవాలి. ఈ ఆటల్లో ఎక్కడెక్కడి వారో ఒకే సమయంలో కలిసి ఆడతారు. ఆడిన కొద్దీ పాయింట్లు చేరతాయి. పాయింట్లు నిండితే ఒక లెవెల్ పెరుగుతుంది. ఇది బడిలో తరగతుల వంటిది. ఎక్కడమే గాని దిగడం ఉండదు. ర్యాంకు వేరు. అది కబడ్డీ పోటీల పట్టిక వంటిది. గెలిస్తే పైకి, ఓడితే కిందికి.

పదో మెట్టు వాడు, యాభయ్యో మెట్టు వాడు అన్నదమ్ములైతే? ఒకే ఇంట్లో ఉండి కూడా కలిసి ఆడలేరు. చిన్నవాడి మైదానంలో పెద్దవాడికి ఆట చప్పగా ఉంటుంది. పెద్దవాడి మైదానంలో చిన్నవాడు ఒక్క దెబ్బకు పడిపోతాడు. అందుకని ఆటలు తయారుచేసే వారు పెద్దా చిన్నా జత కట్టే ఏర్పాట్లు పెట్టారు. జతగా ఉన్నంతసేపు చిన్నవాడికి బలం పెరుగుతుంది, లేదా పాయింట్లు ఎక్కువ వస్తాయి. ఉద్దేశం మంచిదే. ఆ మంచి ఏర్పాటులోనే బేరగాళ్లు దూరారు.

కోడెకు తోడు పాత ఎద్దు

ఇది మన రైతుకు కొత్త విషయమేమీ కాదు. కోడెకు కాడి అలవాటు చేయాలంటే దాన్ని ఒంటరిగా కట్టరు. పక్కన తలపండిన ఎద్దును కడతారు. దాన్ని చూసి కోడె చాలులో నడవడం, మలుపులో తిరగడం, కేక వింటే ఆగడం నేర్చుకుంటుంది.

నలభై ఏళ్లుగా ఒంగోలు జాతి గిత్తలను పెంచుతున్న ఓ రైతును కదిలిస్తే కిటుకు చెప్పుకొచ్చాడు. “కోడెను కట్టిన కొత్తలో కాడి మధ్యన ఉండే కట్టును పాత ఎద్దు వైపు కాస్త జరపాల. అప్పుడు లేతదానికి కాడి పొడుగు ఎక్కువ దక్కుద్ది, బరువు తగ్గుద్ది. ముసలిది ఎక్కువ లాగుద్ది. అట్టాగని ఆ కట్టు అక్కడే ఉంచితే కోడె సోమరిదైపోద్ది. పక్కన నడుచుద్ది గాని లాగదు. పది రోజులకోసారి కట్టును మధ్యకు తెస్తా ఉండాల.”

ఫోను ఆటల్లో జరుగుతున్నదీ ఇదే. కట్టును జరిపినవాళ్లు మళ్లీ మధ్యకు తేవడం లేదు. కోడె మెడ మీద కాడి ఉన్నట్టే కనిపిస్తుంది. బరువంతా పక్కవాడిదే!

గుమ్మం దగ్గర కునుకు

ఆటల కంపెనీలకు ఈ చిక్కు ఇరవై ఏళ్ల కిందటే ఎదురైంది. 2004 ఏప్రిల్‌లో అమెరికాలో ‘సిటీ ఆఫ్ హీరోస్’ అనే కంప్యూటర్ ఆట మొదలైంది. పారాగాన్ సిటీ అనే ఊహా పట్నంలో ఆటగాళ్లంతా వీరుల వేషాల్లో తిరుగుతూ దొంగల పని పడతారు. ఇందులో ‘సైడ్‌కిక్’ అనే జత ఏర్పాటు ఉండేది. ఐదో మెట్టు కుర్రవీరుడు ముప్ఫయ్యో మెట్టు వీరుడితో జత కడితే, జతగా ఉన్నంతసేపు అతని బలం 29వ మెట్టుకు లేస్తుంది. పెద్దవాడికి ఒక మెట్టు తక్కువన్న మాట.

దుర్వినియోగం కాకుండా మొదట్లోనే కొన్ని కట్టుబాట్లు పెట్టారు. ఒక పెద్దకు ఒక చిన్నే జత. దూరంగా పోతే బలం దిగిపోతుంది. బలం పెరిగినా కొత్త విద్యలు రావు. దక్కే పాయింట్లు చిన్నవాడి అసలు మెట్టును బట్టే లెక్క. పెద్దవాడే చిన్నవాడి మెట్టుకు దిగి ఆడే వీలు కూడా తర్వాత కల్పించారు. ఒక రకంగా ఇది కాడి కట్టు జరిపే పద్ధతే.

అయినా సందు దొరికింది. జట్టు ఒక భవనంలోకి వెళితే చిన్నవాడు గుమ్మం దగ్గరే నిలబడిపోయేవాడు. పెద్దవాడు లోపలికి వెళ్లి ఒక్కడే దొంగలందరినీ చితక్కొట్టేవాడు. పాయింట్లు మాత్రం గుమ్మం దగ్గర కునుకు తీసే వాడికీ వచ్చేవి.

2009 ఏప్రిల్‌లో ఆ కంపెనీ మరో సౌకర్యం ఇచ్చింది. ఆటగాళ్లే సొంతంగా కథలు అల్లి, ఆ కథల్లో ఇతరులను ఆడించవచ్చు. మంచి కథలు వస్తాయనుకున్నారు. వచ్చినవాటిలో చాలా మటుకు తేలిగ్గా చచ్చే శత్రువులను గుంపుగా నిలబెట్టి పాయింట్లు దండుకునే కథలు! కొన్ని వారాలకే కంపెనీ కళ్లెర్ర చేసింది. అడ్డదారిన ఎక్కిన మెట్లు, అవసరమైతే ఆ పాత్రలు కూడా పోతాయని హెచ్చరించింది.

అదే ఏడాది సెప్టెంబరులో జతల పద్ధతినే మార్చారు. జట్టులో చేరినవారి బలం జట్టు నాయకుడి మెట్టుకు సరిపోయేలా దానంతటదే సర్దుకుంటుంది. జత కోసం ఒకరిని బతిమాలే పని పోయింది. ఆ ఆట 2012 నవంబరు 30న మూతపడినా అభిమానులు దాన్ని బతికించుకున్నారు. వారు నడుపుతున్న ఆటకు 2024 జనవరిలో హక్కుదారు సంస్థ అధికారికంగా లైసెన్సు ఇచ్చింది.

పెద్దను దించిన జపాను

జపాను వారి దారి వేరు. 2002లో అక్కడ మొదలైన ‘ఫైనల్ ఫాంటసీ 11’ ఆటలో పాయింట్ల లెక్క జట్టులో అందరికన్నా పెద్ద మెట్టు వాడిని బట్టి ఉండేది. పెద్దవాడు జట్టులో ఉంటే చిన్నవాడికి దక్కేది దాదాపు సున్న. ఎత్తిపెట్టే బేరం దీంతో ఆగిపోతుందనుకున్నారు.

ఆగలేదు. పెద్దవాడు జట్టులో చేరడం మానేశాడు. బయట నిలబడి, లోపల పోరాడే చిన్నవాళ్లకు వైద్యం చేస్తూ చావకుండా కాపాడేవాడు. లెక్కలో లేడు గాని పని జరిగిపోయేది. పైగా నిజమైన స్నేహితులకు ఇబ్బంది వచ్చి పడింది. తమ్ముడితో సరదాగా ఆడదామన్న అన్న కూడా జట్టుకు బరువైపోయాడు.

2008 సెప్టెంబరులో ఇంకో మార్పు తెచ్చారు. చిన్నవాడిని ఎత్తడానికి బదులు పెద్దవాడినే దించారు. జట్టులో ఒకరి మెట్టును ఆధారంగా తీసుకుంటే, అంతకన్నా పెద్దవాళ్లంతా ఆ మెట్టుకు దిగి ఆడాలి. ఇక అమ్ముకోవడానికి పెద్దరికం ఏముంటుంది? కలిసి ఆడే సరదా మాత్రం మిగిలింది.

తనకు తానే స్నేహితుడు

ఆశ పెట్టి జనాన్ని చేర్చుకోబోయి చిక్కుల్లో పడిన ఆట ఇంకొకటి ఉంది. దాని పేరు ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’. 2008లో ఆ ఆట వారు ‘స్నేహితుణ్ణి తీసుకురా’ అనే పథకం పెట్టారు. కొత్తవాడిని చేర్పించి, ఇద్దరూ పక్కపక్కన ఆడితే పాయింట్లు మూడు రెట్లు. కొత్తవాడు రెండు మెట్లు ఎక్కితే, తనకన్నా కింద ఉన్న పాతవాడి పాత్రకు ఒక మెట్టు దానం చేసే వీలు కూడా ఉండేది.

ఏం జరిగిందో మన పల్లెల్లో రాయితీ పథకాలు చూసినవారు ఊహించగలరు. కొందరు స్నేహితుణ్ణి వెతకడం మానేసి రెండో ఖాతా తామే కొనుక్కున్నారు. తమకు తామే స్నేహితులయ్యారు. ఒకే మనిషి రెండు పాత్రలు నడిపి మూడు రెట్లు పాయింట్లు పండించుకున్నాడు. అప్పనంగా దానం కూడా తనకే.

2019లో కొత్తగా మళ్లీ తెచ్చిన పథకంలో ఆ మూడు రెట్ల ఆశ లేదు. ఒక్క మీట నొక్కితే చాలా పాత్రలు ఒకేసారి కదిలే సాఫ్ట్‌వేర్‌ను 2020 నవంబరులో నిషేధించారు. 2022 జనవరిలో, వ్యాపార సంస్థల్లా నడిచే ‘బూస్టింగ్’ ముఠాల మీద నిషేధం వచ్చింది. అయితే తెలిసినవాళ్లు ఆటలోని బంగారానికి సాయం చేసుకోవడాన్ని పూర్తిగా కాదనలేదు. స్నేహానికి, దుకాణానికి మధ్య గీత గీయడానికి చేసిన ప్రయత్నం అది.

కొరియాలో జైలే

దక్షిణ కొరియాలో ఈ ఆటలు పిల్లల కాలక్షేపం మాత్రమే కాదు. అక్కడ వీధి వీధికీ కంప్యూటర్ ఆటల కేంద్రాలు. గెలిచే జట్లకు జీతాలు, బహుమతులు, పేరు. ర్యాంకు చూసి ప్రతిభ గల కుర్రాళ్లను ఎంచుకుంటారు. అలాంటి చోట అద్దె వేళ్లతో తెచ్చుకున్న ర్యాంకు మరొకడి అవకాశానికి ఎసరు పెడుతుంది.

అందుకే అక్కడి పార్లమెంటు 2018 డిసెంబరులో చట్టాన్ని సవరించింది. 2019 జూన్ నుంచి అది అమల్లోకి వచ్చింది. డబ్బు తీసుకుని ఇతరుల ఖాతాలో ఆడి ర్యాంకు పెంచడాన్ని వ్యాపారంగా చేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు కోట్ల వాన్‌ల వరకు జరిమానా. వాన్ అంటే అక్కడి రూపాయి. తమ్ముడికి సరదాగా ఒక ఆట ఆడిపెట్టిన అన్నను పట్టుకోవడం ఈ చట్టం ఉద్దేశం కాదు. దుకాణం తెరిచిన వాడి మీదే దాని గురి.

మన దగ్గర పరిస్థితి

మన దేశంలో పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించింది. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో మన దేశానికి వేరే ఆట వచ్చింది. 2022 జులైలో దాన్ని కూడా ఆపేశారు. 2023 మేలో మళ్లీ అనుమతించారు. ఆ సమయంలో 18 ఏళ్ల లోపు వారికి రోజుకు 3 గంటలే అన్న పరిమితి పెట్టారు. అయితే ఖాతా తండ్రి నంబరు మీద ఉంటే ఆడేది కొడుకని ఎవరికి తెలుస్తుంది? మన ఊళ్లలో పలువురు పిల్లల ఆటలు నాన్నల పేర్ల మీదే నడుస్తున్నాయి.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల మీద ఒక చట్టం ఆమోదించింది. డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలు కూడదని, ఈ-స్పోర్ట్స్ అనే నైపుణ్య పోటీలను ప్రోత్సహించాలని అది చెబుతుంది. దాని గురి పందెం ఆటల మీద. కొరియా చట్టంలా ర్యాంకు ఎత్తిపెట్టే బేరం గురించి పెట్టింది కాదు. అయితే మోసం చేసి డబ్బు లాగితే అది ఏ ఆట పేరుతో జరిగినా నేరమే. పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు.

పళ్లు చూసి పందెంలోకి

సంక్రాంతికి, తిరునాళ్లకు మన వైపు బండలాగుడు పోటీలు జరుగుతాయి. పాల పళ్ల గిత్తలకు ఒక విభాగం. రెండు పళ్లకు ఒకటి. నాలుగు పళ్లకు, ఆరు పళ్లకు వేరే. ‘మా గిత్త లేతది’ అని యజమాని చెబితే సరిపోదు. నోరు తెరిచి పళ్లు చూసిన తర్వాతే బరిలోకి రానిస్తారు. ఆరు పళ్ల ఎద్దును రెండు పళ్ల జతల్లో కలిపితే జనం ఊరుకుంటారా?

ఇన్నేళ్ల అనుభవంలో ఆటల కంపెనీలు నేర్చుకున్న పాఠాలూ ఇలాంటివే.

ఒకటి: దక్కేది పడిన కష్టాన్ని బట్టి ఉండాలి. జత పేరుతో ఊరికే నిలబడిన వాడికి, దూరంగా ఉన్న వాడికి పాయింట్లు రాకూడదు.

రెండు: ఎత్తడం కన్నా దించడం మేలు. పెద్దవాడు చిన్నవాడి మెట్టుకు దిగితే స్నేహం మిగులుతుంది, బేరం పోతుంది.

మూడు: తేడాకు హద్దు ఉండాలి. ర్యాంకు పోటీల్లో మరీ ఎక్కువ తేడా గల జోడీని రానివ్వని ఆటలు ఇప్పటికే ఉన్నాయి. సరదా ఆటలో ఎవరితోనైనా ఆడుకోవచ్చు. పోటీలో మాత్రం పళ్లు చూడాల్సిందే.

నాలుగు: కాపలా ఉండాలి. నిన్నటిదాకా తడబడిన వాడు ఈ రోజు వేరే ఊరి నుంచి, వేరే ఫోను నుంచి వరసగా గెలుస్తుంటే అనుమానించాలి.

ఐదు: అతి ఆశ పెట్టకూడదు. మూడు రెట్ల బహుమతి పెడితే మూడు రెట్ల మోసం వస్తుంది. నేర్పిన గురువుకు మెప్పు ఇవ్వాలి. అమ్ముకునే సరుకు ఇవ్వకూడదు.

ఇవన్నీ కంపెనీలు చేయాల్సిన పనులు. అయితే కంపెనీ కాపలా ఎంత గట్టిదైనా ఇంటి తాళం చెవి మనమే బయటివాడి చేతిలో పెడితే ఏ నియమమూ కాపాడలేదు.

ఇంట్లో చేయాల్సినవి

జోడీగా ఆడడంలో తప్పులేదు. అన్నతో, స్నేహితుడితో ఆడి నేర్చుకోవడం మంచిదే. పాస్‌వర్డు అడిగిన క్షణాన అది జోడీ కాదు, బేరం. అక్కడే ఆగాలి. ఖాతాను ఇతరులకు అప్పగిస్తే చాలా ఆటల నియమాల ప్రకారం ఖాతానే రద్దు కావచ్చు. అప్పుడు అడగడానికి కూడా ముఖం ఉండదు.

డబ్బు రావడానికి పిన్ను కొట్టనక్కరలేదు. పిన్ను కొట్టామంటే డబ్బు పోతున్నట్టే లెక్క. ఈ ఒక్క ముక్క ప్రతి ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ తెలియాలి. ఫోనుకు వచ్చే ఓటీపీ అంకెలు ఎవరికీ చెప్పకూడదు.

మోసం జరిగితే దాచకూడదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఇది సైబర్ మోసాలపై ఫిర్యాదులకు దేశమంతటా ఉన్న నంబరు. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ అబ్బాయి పోగొట్టుకున్నది 6,400 రూపాయలే కాదు, భయంతో దాచిన మూడు రోజులు కూడా. తిడతారన్న భయమే పిల్లల నోరు నొక్కుతుంది. కనుక ముందు విని, తర్వాత కోప్పడండి.

పిల్లల ఫోను లాక్కుంటే సమస్య తీరుతుందని కొందరు పెద్దలు అంటున్నారు. లాక్కున్న ఫోను పక్కింటి వాడి దగ్గర దొరుకుతుంది. దానికన్నా పక్కన కూర్చుని “నీ జోడీ ఎవర్రా? ఏ ఊరు?” అని అడగడం మేలు. పెళ్లి సంబంధానికి ఏడు తరాలు విచారించే వాళ్లం, పిల్లవాడు రోజూ రాత్రి పదింటిదాకా ఎవరితో తిరుగుతున్నాడో అడగలేమా?

కట్టు మధ్యకు తెచ్చారు

ఆ ఇంట్లో ఇప్పుడు మార్పు వచ్చింది. పొదుపు సంఘం లెక్కలు రాసే అమ్మాయి దగ్గర కూర్చుని ఆ తల్లి అంకెలు నేర్చుకుంది. పిన్ను తానే మార్చుకుంది. డబ్బు పంపాల్సి వస్తే కళ్లకు దగ్గరగా ఫోను పెట్టుకుని, ఒక్కో అంకె వెతికి నొక్కుతుంది. ఆలస్యమవుతుంది. అయినా ఎవరికీ ఇవ్వదు.

అబ్బాయి ఆదివారాలు మిరప కోతకు వెళ్లి, సంఘం వాళ్లు సర్దిన సొమ్ము కొంచెం కొంచెంగా తీర్చాడు. ఆట పూర్తిగా మానలేదు. కింది మెట్టు నుంచి కొత్త ఐడీతో మొదలుపెట్టాడట. “ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నావ్?” అని అడిగితే సిగ్గుపడుతూ చెప్పాడు: “బాగా కిందే అన్నా. కాని నేనే ఎక్కింది.”

బస్సు షెల్టరులో రెండు ఫోన్ల కుర్రాడికి ఈ సంగతంతా చెబితే కాసేపు మాట్లాడలేదు. “నేను మోసం చేసేవాణ్ణి కాదన్నా” అన్నాడు. నిజమే కావచ్చు. “మరి నువ్వు కాదని పక్కూరి వాడి అమ్మకు ఎట్టా తెలుసుద్ది?” అన్న ప్రశ్నకు మాత్రం బదులు రాలేదు. పాత ఫోను జేబులో పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.